ఏజెన్సీలో ఆరడుగుల జాగా

తెలంగాణ పంచాయతీరాజ్ చట్టం 2018లో వచ్చింది. మరుసటి ఏడాది మొదలైన పల్లె ప్రగతి కింద, రాష్ట్రంలోని పన్నెండు వేలకు పైగా గ్రామ పంచాయతీల్లో ఊరికో వైకుంఠధామం కట్టాలని ప్రభుత్వం పట్టుబట్టింది. ఉపాధి హామీ నిధులతో దహన గద్దెలు, స్నానాల గదులు, కూర్చునే షెడ్డు, నీళ్ల ట్యాంకు వచ్చాయి. వానాకాలంలో వాగు ఒడ్డున తడి కట్టెలతో అవస్థ పడ్డ ఊళ్లకు ఇది నిజంగా పెద్ద మేలు. దాన్ని తక్కువ చేసి మాట్లాడను. అయితే ఆ నమూనా అంతా దహనం చుట్టూనే తిరిగింది. పూడ్చేవాళ్లు ఎక్కడ పూడ్చాలన్న ప్రశ్నకు అందులో చోటు దొరకలేదు. ముస్లింలే కాదు, క్రైస్తవులు, దళిత కులాల్లో చాలామంది, లింగాయతులు, కోయల్లో కొన్ని కుటుంబాలు తమవాళ్లను మట్టిలో కలిపేవాళ్లే. ఖమ్మం నుంచి భద్రాచలం దాకా, అక్కడి నుంచి అడవి అంచు ఊళ్ల దాకా ఖబరస్తాన్ల (ముస్లిం శ్మశానాల) మీద వినబడే ఫిర్యాదుల్లో సగం ఈ ఖాళీలోంచే పుట్టాయని నా అభిప్రాయం.

ఫిర్యాదులు రెండు వైపుల నుంచీ ఉంటాయి. శవం ఇంట్లో ఉండగా జాగా కోసం తిరగాల్సి వస్తోందని, ఉన్న జాగాకు హద్దులు లేవని, గోడ లేక పశువులు తొక్కుతున్నాయని, పోస్టుమార్టం ఆలస్యమై ఖననం మరునాటికి పడుతోందని కుటుంబాలు అంటాయి. ఇళ్ల మధ్య పూడుస్తున్నారని, బోర్ల నీళ్లు చెడతాయని, పక్క ఊరి శవాలు తెస్తున్నారని, పక్కా సమాధులు కట్టి జాగా ఆక్రమిస్తున్నారని ఇరుగుపొరుగు, అధికారులు అంటారు. ఈ రెండో జాబితాలో కొన్ని న్యాయమైనవే ఉన్నాయి. కానీ చర్చ ఎప్పుడూ మత ఆచారం దగ్గర మొదలై అక్కడే ఆగిపోతుంది. ఆచారాన్ని దగ్గరగా చూస్తే, స్థానిక సంస్థ నిబంధనలతో దానికి ఉన్న పేచీ చాలా చిన్నది.

ముస్లిం అంత్యక్రియలకు కావలసింది కొద్దే. మయ్యత్‌కు (శవానికి) గుసుల్, అంటే స్నానం చేయించడానికి ఓ మరుగు, నీళ్లు. కుట్లు లేని తెల్లని కఫన్ గుడ్డ. నిలబడి చేసే జనాజా నమాజ్‌కు కాస్త బయలు. ఆ నమాజ్‌లో వంగడం, సాష్టాంగం ఉండవు కాబట్టి చాపలు పరిచేంత ఏర్పాటు కూడా అక్కర్లేదు. ఆ తర్వాత వీలైనంత త్వరగా మట్టి ఇవ్వడం. మన ప్రాంతానికి మక్కా పడమర దిక్కున, కాస్త ఉత్తరానికి వాలి ఉంటుంది. అందువల్ల సమాధిని ఉత్తర దక్షిణాలుగా తవ్వి, తల ఉత్తరానికి పెట్టి, కుడి పక్కకు తిప్పి ముఖం పడమరకు చేస్తారు. సమాధి రెండు రకాలు. గట్టి నేలలో అడుగున పడమటి గోడలోకి అరలా తొలిస్తే అది బగ్లీ. నేల వదులైతే నడిమధ్యన సన్నని గుంత తీసి పైన బండలో చెక్కలో పేరుస్తారు, అది సందూకీ. గోదావరి ఒడ్డు ఒండ్రు నేలలో బగ్లీ నిలవదు, కూలుతుంది. అక్కడ సందూకీయే దారి. పెట్టె వాడకపోయినా, తప్పనిసరైన చోట పెట్టెతో పూడ్చినా ధర్మం ఒప్పుకుంటుంది. ఖననానికి ఫలానా రోజే అన్న పట్టింపు లేదు, ముహూర్తం లేదు, ఖరీదైన వస్తువు ఒక్కటీ లేదు. ఒక పంచాయతీకి ఇంతకంటే తక్కువ ఖర్చుతో తీరే అవసరం మరొకటి ఉంటుందనుకోను.

ఇంత తేలికైన అవసరం తీరకపోవడానికి కారణం నేల. ఇక్కడ నేల కథ మిగతా తెలంగాణ కథ కాదు.

ఖమ్మం, కొత్తగూడెం నిజాం రాజ్యంలో వరంగల్ జిల్లా కింద ఉండేవి. ఖమ్మం 1953లో జిల్లా అయింది. గోదావరికి ఆవలి భద్రాచలం, నూగూరు మాత్రం మద్రాసు పాలనలో నలిగి, తూర్పు గోదావరిలో ఉండి, 1959లో ఖమ్మంలో కలిశాయి. అందుకే ఏటికి ఈవల ఓ రకం రికార్డులు, ఆవల మరో రకం రికార్డులు. ఈవల ఉర్దూ దస్తావేజులు, వక్ఫ్ గెజిట్లు. ఆవల సెటిల్‌మెంటు పుస్తకాలు, పోరంబోకు పద్దులు. ఊరి పెద్దల జ్ఞాపకంలో మూడు తరాలుగా ఖబరస్తాన్‌గా ఉన్న నేల, ఏదో ఒక పుస్తకంలో బంజరుగానో అడవిగానో నమోదై ఉంటే ఆశ్చర్యపడనక్కర్లేదు.

దీనిపైన ఏజెన్సీ చట్టం ఉంది. 1959 నాటి భూ బదలాయింపు నియంత్రణను 1963లో తెలంగాణ ప్రాంతానికి విస్తరించారు. 1970లో దానికి చేసిన సవరణనే ఇక్కడ అందరూ వన్ ఆఫ్ సెవెంటీ అంటారు. షెడ్యూల్డ్ ప్రాంతంలో గిరిజనేతరుడు గిరిజనుడి దగ్గరే కాదు, మరో గిరిజనేతరుడి దగ్గర కూడా భూమి కొనలేడు, కౌలుకు తీసుకోలేడు, దానంగా పొందలేడు. గిరిజనేతరుడి చేతిలో ఉన్న భూమి గిరిజనుడి నుంచే వచ్చిందని, కాదని అతను రుజువు చేసేదాకా చట్టం భావిస్తుంది. 1997లో సమతా కేసులో సుప్రీంకోర్టు, ప్రభుత్వం కూడా ఈ ప్రాంతంలో గిరిజనేతరులకు భూమి కట్టబెట్టరాదని తేల్చింది. ఈ చట్టం ఆదివాసీలకు కంచె. దాన్ని సడలించాలని కోరే ఏ వాదననూ నేను ఒప్పుకోను. భద్రాచలం చుట్టుపక్కల కోయలు, కొండరెడ్లు పోగొట్టుకున్న నేల చాలదా?

కానీ దీని ఫలితాన్ని ఖననాల కోణంలో ఎవరూ ఆలోచించలేదు. మైదానంలో ఓ ఊళ్లో ఖబరస్తాన్ చాలకపోతే జమాత్ (ఊరి ముస్లిం సంఘం) చందాలు పోగుచేసి అరెకరం కొంటుంది, లేదా ఎవరో ఓ ఆసామి దానమిస్తాడు. ఏజెన్సీలో ఆ రెండు దారులూ మూసుకుపోయాయి. వక్ఫ్ చట్టానికి 2025లో చేసిన సవరణలోని 3ఈ సెక్షన్ ప్రకారం అయిదు, ఆరు షెడ్యూళ్ల కిందికి వచ్చే గిరిజనుల భూమిని వక్ఫ్‌గా ప్రకటించకూడదు. ఆదివాసీల రక్షణ కోసమే ఉన్న ఈ నిబంధనను ఆపేందుకు, 2025 సెప్టెంబరు 15 నాటి మధ్యంతర ఉత్తర్వులో సుప్రీంకోర్టు కూడా ఒప్పుకోలేదు. అదే సవరణ, వాడుక వల్ల ఏర్పడే వక్ఫ్‌ను ఇకముందుకు లేకుండా చేసింది. ముందే రిజిస్టరయిన వాటికి, వివాదంలో గానీ ప్రభుత్వ భూమిగా గానీ లేకపోతే, ఢోకా లేదు. తరతరాలుగా పూడుస్తూ వచ్చిన నేల, కాగితం లేకున్నా ప్రజల ఖబరస్తానే అవుతుందని 1976లో లబ్బై కేసులో సుప్రీంకోర్టు చెప్పిన మాట మీద ఎన్నో ఊళ్లు ఇంతకాలం నిశ్చింతగా ఉన్నాయి. రిజిస్టరు కాని ఖబరస్తాన్‌కు ఇప్పుడు ఆ నిశ్చింత లేదు.

అంటే ఏజెన్సీలో చనిపోయిన ముస్లింకు జాగా చూపించగల చెయ్యి ఒక్కటే మిగిలింది. అది గ్రామ పంచాయతీ. భూమి ఎవరికీ బదలాయించకుండా, పంచాయతీ చేతిలోనే ఉంచి, గ్రామసభ తీర్మానంతో కొంత భాగాన్ని ఖననాలకు కేటాయిస్తే వన్ ఆఫ్ సెవెంటీకి దెబ్బ తగలదు. ఆదివాసీ గ్రామసభకు పెసా (షెడ్యూల్డ్ ప్రాంతాల పంచాయతీ) చట్టం ఇచ్చిన అధికారమూ నిలుస్తుంది. రాజ్యాంగం ఏడో షెడ్యూల్లో శ్మశానాలు రాష్ట్ర జాబితాలోవి. పట్టణాల్లో వాటిని పురపాలక సంస్థకు అప్పగించేది పన్నెండో షెడ్యూలు. కానీ షెడ్యూల్డ్ ప్రాంతాలకు పురపాలక అధ్యాయం నేరుగా వర్తించదు. లక్షల మంది భక్తులు వచ్చే భద్రాచలం పంచాయతీగానే మిగలడానికి ఇదో కారణం. ఖమ్మంలో మాత్రం 2012 నుంచి నగరపాలక సంస్థ ఉంది. ఖమ్మంలో కార్పొరేషన్‌ను అడగాల్సిన ప్రశ్ననే భద్రాచలంలో సర్పంచిని, కార్యదర్శిని అడగాలి.

భద్రాచలం ఇరుకు వేరే కథ. 2014లో పోలవరం ముంపు మండలాలను ఆంధ్రప్రదేశ్‌కు కలిపినప్పుడు పట్టణం తెలంగాణలో మిగిలి, చుట్టూ ఉన్న ఎటపాక, పురుషోత్తపట్నం, గుండాల, కన్నాయిగూడెం, పిచ్చుకలపాడు అవతలి రాష్ట్రంలోకి పోయాయి. చెత్త పోయడానికే జాగా లేక కరకట్ట వైపు చూసే ఊళ్లో, కొత్త శ్మశానానికి నేల ఎక్కడి నుంచి వస్తుంది? ఉన్న నేలకు గోదావరితో పోటీ. ఇక్కడ మొదటి ప్రమాద హెచ్చరిక 43 అడుగుల దగ్గర, రెండోది 48, మూడోది 53. 1986లో నీళ్లు 75.6 అడుగులకు, 2022 జులైలో 71.3 అడుగులకు చేరాయి. ఖమ్మంలో 2024 సెప్టెంబరు 1న మున్నేరు కాలనీలను ముంచేసింది. వరద రోజుల్లో చావు ఆగదు. లోతట్టున ఉన్న శ్మశానాల్లో ఆ రోజుల్లో గుంత తీస్తే నీరు ఊరుతుంది.

అందువల్ల నీటి గురించి వచ్చే ఫిర్యాదును నేను తేలిగ్గా తోసెయ్యను. దానికి కొలతలున్నాయి. తాగునీటి బావికి, బోరుకు 250 మీటర్ల లోపు పూడ్చరాదని, వాగులకు, ఇతర ఊటలకు కనీసం 30 మీటర్ల దూరం ఉండాలని, గుంత అడుగు కింద మీటరు మందం మట్టి మిగలాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 1998లో ప్రచురించిన పత్రం సూచించింది. ఈ కొలత ముస్లింకు, క్రైస్తవుడికి, లింగాయతుకు ఒకటే. చిక్కేమిటంటే మన దగ్గర నీళ్ల మాట ఎక్కువగా ఖబరస్తాన్ దగ్గరే వినిపిస్తుంది, మిగతా చోట్ల టేపు బయటికి రాదు. మెట్ట మీద జాగా చూపించి, భూగర్భజల శాఖ చేత ఓసారి పరీక్ష చేయించి, ఆ తర్వాత నిబంధన పెట్టండి. అప్పుడు దాన్ని కాదనే జమాత్ ఉండదు.

అడవి అంచు ఊళ్లలో ఇంకో ముడి ఉంది. దీని మీద కాస్త ఆగాలి. 2006 అటవీ హక్కుల చట్టం 3(2) సెక్షన్ ప్రకారం ఊరి అవసరాల కోసం ఒక్కో పనికి హెక్టారు లోపు అటవీ భూమిని గ్రామసభ సిఫార్సుతో వాడుకోవచ్చు. బడి, ఆసుపత్రి, అంగన్‌వాడీ, చౌక ధరల దుకాణం, కరెంటు తీగలు, చెరువు, మంచినీళ్లు, రోడ్డు, సామాజిక భవనం, ఇలా పదమూడు సౌకర్యాలు అందులో ఉన్నాయి. శ్మశానం లేదు. అదే చట్టం కింద చేసిన నియమాల్లో మాత్రం, ఓ సముదాయం తరతరాలుగా అక్కడుందని రుజువు చేయడానికి బావులు, పవిత్ర స్థలాలతో పాటు శ్మశానాలను కూడా సాక్ష్యంగా చూపవచ్చని ఉంది. పూర్వీకుల సమాధి సాక్ష్యానికి పనికొచ్చింది. రేపు పోయేవాడి సమాధికి మాత్రం జాబితాలో చోటు దొరకలేదు. ఆ చట్టం కింద హక్కు కావాలంటే గిరిజనేతరులు 2005 డిసెంబరు 13కు ముందు మూడు తరాలు, అంటే డెబ్బై అయిదేళ్లు, అక్కడున్నట్టు చూపాలి. పదమూడు సౌకర్యాల జాబితాకు పద్నాలుగోదిగా శ్మశానాన్ని చేర్చాలని ఇక్కడి ఆదివాసీ సంఘాలు, జమాత్‌లు, చర్చి పెద్దలు కలిసి అడగాలి. ఎందుకంటే ఈ లోటు ఆదివాసీలకూ ఉంది. ఈ నేలకు పూడ్చడం కొత్త కాదు. పినపాక మండలం జానంపేట అడవిలో ఇనుపయుగం నాటి రాతి సమాధులు నేటికీ నిలిచి ఉన్నాయి.

నిర్వాసితుల విషయంలో చట్టం ఇంతకన్నా బాగుంది. 2013 భూసేకరణ చట్టం మూడో షెడ్యూలు, పునరావాస కాలనీలో కల్పించాల్సిన సదుపాయాల్లో, అక్కడి కులాలు, సముదాయాల ఆచారాన్ని బట్టి ఖనన స్థలం లేదా దహన స్థలం ఉండాలని స్పష్టంగా రాసింది. కుక్కునూరు, వేలేరుపాడు మండలాల్లో పోలవరం కింద ఇళ్లు పోగొట్టుకున్నవాళ్లలో ఖననం చేసే కుటుంబాలూ ఉన్నాయి. వాళ్లకు ఇల్లు పోవడమే కాదు, ఏటా షబే బరాత్‌కు వెళ్లి ఫాతెహా చదివే తాతల సమాధులూ నీళ్లలోకి పోతాయి. కొత్త కాలనీలో వాళ్ల ఆచారానికి తగిన జాగా చూపించారా లేదా అన్నది దయ మీద ఆధారపడిన విషయం కాదు, చట్టం అమలుకు సంబంధించిన విషయం. మణుగూరు, ఇల్లెందు వైపు ఓపెన్‌కాస్టు గనుల కోసం ఖాళీ చేయించే ఊళ్లలోనూ ఇదే ప్రశ్న అడగాలి.

చింతూరు దాటితే కుంట, కుంట దాటితే బస్తర్. అక్కడ 2025 జనవరిలో ఏం జరిగిందో మనవాళ్లు జాగ్రత్తగా చదవాలి. ఛింద్‌వాడా అనే ఊళ్లో ఓ క్రైస్తవ పాస్టర్ జనవరి 7న చనిపోయాడు. ఊరి శ్మశానంలో పూడ్చనివ్వం అని ఊరివాళ్లు అన్నారు. సొంత భూమిలో పూడ్చుకుంటానని కొడుకు హైకోర్టుకు, అక్కడి నుంచి సుప్రీంకోర్టుకు వెళ్లాడు. శవం అన్నాళ్లూ మార్చురీలోనే ఉంది. జనవరి 27న ఇద్దరు న్యాయమూర్తులు రెండు రకాలుగా తీర్పిచ్చారు. సొంత పొలంలో పూడ్చుకోనివ్వాలని జస్టిస్ నాగరత్న, నిర్ణయించిన చోటే పూడ్చాలని జస్టిస్ సతీశ్‌చంద్ర శర్మ. ఇంకా ఆలస్యం వద్దని విస్తృత ధర్మాసనానికి పంపకుండా, ఇరవై కిలోమీటర్లకు పైగా దూరంలో ఉన్న కర్కాపాల్ క్రైస్తవ శ్మశానంలో పూడ్చమన్నారు. ఇరవై రోజులు ఓ కొడుకు తండ్రి శవం కోసం కోర్టుల చుట్టూ తిరిగాడు. పంచాయతీ ముందే ఓ మూల జాగా గుర్తించి ఉంటే ఈ కేసు పుట్టేదే కాదు. ఒకటి రెండు దూదేకుల ముస్లింల ఇళ్లే ఉన్న మన అడవి ఊరికి ఈ పరిస్థితి రాదన్న భరోసా ఎక్కడుంది?

నిబంధన పేరుతో ఆచారాన్ని తుడిచేయడం ఎలా ఉంటుందో కొవిడ్ కాలం చూపింది. శ్రీలంక ప్రభుత్వం 2020 మార్చి చివరి నుంచి 2021 ఫిబ్రవరి దాకా కొవిడ్ మృతులందరినీ దహనమే చేయాలంది. పూడ్చినా ముప్పు లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పినా వినలేదు. 2024 జులైలో అక్కడి మంత్రివర్గం క్షమాపణ చెప్పింది. ముంబై నగరపాలక సంస్థ కూడా 2020 మార్చి 30న దహనం తప్పనిసరి అని ఉత్తర్వు ఇచ్చి, వెంటనే మార్చుకుంది. బాంద్రా ఖబరస్తాన్‌లో ఖననాలు ఆపాలన్న పిటిషన్‌ను మే 22న బొంబాయి హైకోర్టు కొట్టేసింది.

ఆచారానికి చోటిచ్చే నిబంధన ఎలా ఉంటుందో బ్రిటన్‌లో చూడవచ్చు. అక్కడ శ్మశానాలు చాలాచోట్ల కౌన్సిళ్ల (స్థానిక సంస్థల) చేతిలో ఉంటాయి. 1977 నాటి ఉత్తర్వు ప్రకారం కౌన్సిల్ తన శ్మశానంలో కొంత భాగాన్ని ఓ మతానికి ప్రత్యేకించవచ్చు. సమాధి హక్కును వందేళ్లకు మించి ఇవ్వదు. భూమి కౌన్సిల్‌దే, వాడుక ఆ సమాజానిది. మన ఏజెన్సీకి సరిగ్గా సరిపోయే పద్ధతి ఇదేనని నాకు అనిపిస్తుంది. ఆలస్యం విషయంలోనూ అక్కడో పాఠం ఉంది. శవాలను వచ్చిన వరసలోనే చూస్తానని, మత కారణంతో దేన్నీ ముందుకు జరపనని లండన్‌లోని ఓ కరోనర్ (మరణాలను విచారించే అధికారి) పట్టుబడితే, 2018 ఏప్రిల్‌లో అక్కడి హైకోర్టు ఆ నియమం చెల్లదంది. ఆ కేసు వేసింది యూదుల ఖనన సంఘం, మేలు ముస్లింలకూ జరిగింది. మన దగ్గర పోస్టుమార్టం ఆలస్యానికి 2021 నవంబరు 15న కేంద్ర ఆరోగ్య శాఖ కొంత పరిష్కారం ఇచ్చింది. తగిన వసతులున్న ఆసుపత్రుల్లో సూర్యాస్తమయం తర్వాత కూడా పోస్టుమార్టం చేయవచ్చు. హత్య, ఆత్మహత్య, అత్యాచారం వంటి అనుమానపు కేసులకు మాత్రం ఇది వర్తించదు. రోడ్డు ప్రమాదంలో పోయినవాడి శవం కోసం కుటుంబం తెల్లవార్లూ మార్చురీ ముందు కూర్చోవాల్సిన అవసరం లేదని దాని అర్థం. ఏరియా ఆసుపత్రులకు ఆ వసతి కల్పించమని అడగడం న్యాయమైన కోరిక.

ఇక మన ముస్లింల ఇంటి తప్పులు. 2020 జులైలో రంగారెడ్డి జిల్లా గంధంగూడలో చనిపోయిన ఓ పేద ముస్లింకు ఆరు ఖబరస్తాన్లు జాగా లేదన్నాయి. చివరికి హిందువుల శ్మశానంలో పూడ్చారు, అందుకు ముందుకొచ్చింది హిందూ యువకులు. ఆ ఆరు తలుపులు మూసింది ఏ కౌన్సిలూ కాదు, మన కమిటీలే. సమాధి మీద కట్టడాలు వద్దని ప్రవక్త బోధ ఉండగా, గ్రానైటు పరిచి, గొలుసులు కట్టి, కుటుంబం మొత్తానికి ముందే జాగా పట్టిపెట్టుకునే అలవాటు పట్టణాల్లో పాకింది. కచ్చా సమాధి అయితే కొన్నేళ్లకు నేల మళ్లీ వాడుకోవచ్చు. పక్కాదైతే ఆ జాగా శాశ్వతంగా పోయినట్టే. పక్కా సమాధులు వద్దని ప్రభుత్వం నిబంధన పెడితే మత జోక్యం అంటారు. కాబట్టి ఆ తీర్మానం జమాత్‌లే ముందుగా చేయాలి. ఎవరిని ఎప్పుడు ఎక్కడ పూడ్చారో రాసే పుస్తకం ఒకటి ప్రతి ఖబరస్తాన్‌లో ఉండాలి. జనన మరణాల చట్టం కింద ఇరవై ఒక్క రోజుల్లో మరణాన్ని నమోదు చేయించడం ఎలాగూ తప్పదు, ఈ పుస్తకం దానికి తోడవుతుంది. రుసుము ఎంతో గేటు మీద రాయాలి. పక్క ఊరివాడైనా, ఏ జమాత్‌కు చెందినవాడైనా, చేతిలో డబ్బు లేకపోయినా మట్టి ఇవ్వకుండా వెనక్కి పంపకూడదు.

ఖమ్మం నగరంలో ఉన్న ఖబరస్తాన్లకు హద్దులు కొలిచి గోడ కడితే చాలావరకు సమస్య తీరుతుంది, అక్కడ తగువు ఆక్రమణలతోనే. ఏజెన్సీలో అలా కాదు. అక్కడ ప్రతి పంచాయతీలో వైకుంఠధామం పక్కనో, మరో మెట్ట మీదో, ఖననం చేసే అన్ని సముదాయాల కోసం కొంత నేల గ్రామసభ తీర్మానంతో గుర్తించాలి. సర్వే నంబరు వేసి, పంచాయతీ ఆస్తుల రిజిస్టర్లో ఎక్కించాలి. ఒక నీళ్ల ట్యాంకు, గుసుల్‌కు ఓ గది, ఓ నీడ చాలు. అందులో ఒక వరస పడమర చూసే సమాధులకు వదిలితే మిగతావాళ్లకు పోయేదేమీ లేదు. ఐటీడీఏ (సమీకృత గిరిజనాభివృద్ధి సంస్థ) ప్రాజెక్టు అధికారి ఒక్క ఉత్తర్వుతో ఈ గుర్తింపు పని మొదలుపెట్టించగలరు. ఊళ్లోని ముస్లిం పెద్దలకు, దూదేకుల కుటుంబాలకు నా మనవి ఒక్కటే. చావు వచ్చిన రోజు దాకా ఆగకండి. వచ్చే గ్రామసభకు మీ కోయ, క్రైస్తవ, దళిత పొరుగువాళ్లతో కలిసి వెళ్లండి, కాగితం మీద అర్జీ ఇచ్చి, తీర్మానం నకలు చేతికి వచ్చాకే ఇంటికి రండి.